హోం మిషను ఓడెక్కింది

(నాందేడ్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసానికి ఒక షరతు ఉంది. ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాస నిధి పెట్టారో ఆ భార్యాభర్తల పేర్లు వేదిక మీద పలకకూడదని వారి పిల్లల కోరిక. "మా అమ్మకీ నాన్నకీ పొగడ్త గిట్టదండీ. వాళ్లలాగే బతికి, ఎవరూ తలుచుకోని ఇంకో జంట ఉంటే వాళ్ల గురించి చెప్పండి" అన్నారు. ఇలాంటి షరతు నాకు ఇదివరకెప్పుడూ ఎదురు కాలేదు. సంతోషంగా ఒప్పుకున్నాను.

నేను ఎంచుకున్న జంట నెల్లూరు వాళ్లు. రెవరెండ్ జాన్ రంగయ్య, ఆయన భార్య కనకమ్మ. 1903లో పిల్లల్ని వెంటబెట్టుకుని ఓడెక్కి, దక్షిణాఫ్రికాలో అప్పట్లో నేటాల్ అనే బ్రిటిష్ వలసరాజ్యానికి వెళ్లారు. ఆయన పన్నెండేళ్లు అక్కడ పనిచేసి 1915లో కన్నుమూశారు. ఆఫ్రికాకు వెళ్లిన క్రైస్తవ దంపతులు అనగానే మన పాఠ్యపుస్తకాల్లోంచి లివింగ్‌స్టన్ దొర గుర్తుకొస్తాడు. 1862లో జాంబెజీ ఒడ్డున జ్వరంతో చనిపోయిన ఆయన భార్య మేరీ అందరికీ గుర్తుకు రాదు. రంగయ్య, కనకమ్మ అంటే ఇద్దరూ గుర్తుకు రారు.

వాళ్లను పంపిన సంఘం పేరు తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ. ఈ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. హోం మిషన్ అంటే సొంత దేశంలో, సొంత జనం మధ్య చేసే పని. సముద్రం దాటి పోయేది ఫారిన్ మిషన్. మరి హోం మిషన్ వాళ్లు ఆఫ్రికాకు మనిషిని పంపడమేమిటి? పేరు మార్చుకోవడం మరిచిపోయారని నేననుకోను. తెలుగు మాట్లాడే జనం ఎక్కడుంటే అదే ఇల్లని వాళ్ల లెక్క అయి ఉంటుంది. ధర్మాబాద్ దాటి బాసర వెళ్లి అక్షరాభ్యాసం చేయించుకుని సాయంత్రానికి తిరిగొచ్చే మీకు ఈ లెక్క నేను వివరించనక్కర్లేదు. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. మగ్గంతో వచ్చిన పద్మశాలి కుటుంబాలూ, రైలు కొలువుతో వచ్చిన వాళ్లూ ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీగా బతకడం ఈ ఊరికి కొత్త కాదు.

అసలు ఆ సంఘానికి మూలమైన నెల్లూరు మిషనే మూతపడవలసింది. అమెరికన్ బాప్టిస్టులు పంపిన శామ్యూల్ డే దొర 1836లో తెలుగు దేశానికి వచ్చాడు. ఆయన 1840లో నెల్లూరులో మకాం పెట్టాడు. పదమూడేళ్లు గడిచినా చేరిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కనే బర్మాలో పని బ్రహ్మాండంగా సాగుతోంది. ఇక్కడ డబ్బు దండగ అనిపించింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో నెల్లూరును ఎత్తేద్దామా అని తీవ్రంగా చర్చించారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క చుక్కను చూపించి ఎవరో "ఒంటి నక్షత్రం" అన్నారట. శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రి దాని మీద పద్యం రాసి మర్నాడు చదివించాడట. మిషన్ బతికింది. పద్యంతో గండం గట్టెక్కడం అమెరికాలో వింత కావచ్చు, మనకు చాటువుల కాలం నుంచీ అలవాటే.

సరిగ్గా యాభై ఏళ్లకు, మూసేద్దామనుకున్న ఆ చుక్క నుంచి ఒక కుటుంబం ఇంకో ఖండానికి బయల్దేరింది.

మధ్యలో జరిగింది కరువు. 1876 నుంచి 78 దాకా మదరాసు రాజధానిని ఊడ్చేసిన కరువది. ఒంగోలులో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలిపని ఇప్పించాడు. బియ్యానికి ఆశపడి మతం మారారన్న మాట రాకూడదని, కరువు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది. ఎక్కువమంది మాదిగలు. అంతకు చాలా ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు ఊరూరా నడిచి వేసిన బాట అది. దొరల పుస్తకాల్లో దొర ఎక్కువ, పేరయ్య తక్కువ కనిపిస్తాడు. నా దృష్టిలో ఆ నిష్పత్తి తలకిందులు.

ఆఫ్రికాకు మనిషిని పంపేందుకు ఆ జనం దగ్గర ఇవ్వడానికి ఏముంది? నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. కందుకూరు దగ్గర పల్లెలో మా అమ్మమ్మ పొయ్యి పక్కన ఒక పసుపుపచ్చ డాల్డా డబ్బా ఉండేది. పూటపూటా ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు కొంగులో మూటగట్టి తీసుకెళ్లేది. దాన్ని పిడికెడు బియ్యం అనేవారు. మేం పిల్లలం "నేనేస్తా, నేనేస్తా" అని ఎగబడితే ఒప్పుకునేది కాదు. పిల్లల పిడికిలి చిన్నది, దేవుడికి తక్కువ పడుతుందని. గుడిలో అందరి బియ్యం ఒక్క బస్తాలో కలిసిపోయేవి. దంపుడు బియ్యం, మిల్లు బియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి. ఆ బస్తా సగం ధరకు వేలం పాడి కొన్నవాళ్లు వండుకుంటే సగం మెత్తబడేది, సగం పలుకుగా ఉండేది. పాస్టరు అయ్యగారింట్లో ఎప్పుడూ అలాంటి అన్నమే తినేవారు. 1903 నాటి చందాలు అణాల్లో వచ్చాయో బియ్యంలో వచ్చాయో నేను చెప్పబోవడం లేదు. ఇచ్చిన జనం ఎవరో తెలియాలని చెప్పాను. కరువు చూసిన ఇళ్ల తర్వాతి తరం వాళ్లు.

ఆ ఏడాదికి ఇంకో విశేషం ఉంది. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. వాళ్లు పని కోసం ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. ఆ సంఘం వెనక ఉన్న వేదనాయగం అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. చూడండి, తమిళులు తెలుగువాళ్ల దగ్గరికి వస్తున్న ఏడాదే తెలుగువాళ్లు ఆఫ్రికాకు వెళ్తున్నారు. పుచ్చుకున్నవాడు ఎప్పటికీ పుచ్చుకునేవాడిగానే ఉండాలన్న రూలు ఆ ఒక్క ఏడాదిలో రెండు చోట్ల తప్పింది.

ఇక నేటాల్. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మదరాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అక్కణ్ణుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మంది గిరిమిటి కూలీలుగా వెళ్లారు. అగ్రిమెంటు అనే మాట నలిగి గిరిమిట్ అయింది. మదరాసు రేవులో ఎక్కినవాళ్లు అక్కడ "మద్రాసీలు", కలకత్తాలో ఎక్కినవాళ్లు "కలకత్తియాలు". విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నా అందరూ ఆ "మద్రాసీ"లో కలిసిపోయారు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు, రేషన్ బియ్యం. యజమాని చీటీ లేకుండా ఎస్టేటు దాటకూడదు.

ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరి గడిలో ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు, అలాంటివి. మనిషి పారిపోతే పట్టుకోవడానికి. ఆ కులం గడిలో కొందరికి "క్రిస్టియన్" అని ఉంటుంది. దేవుడిలో కులం లేదని విని గుడిలోకి వెళ్లినవాళ్లను, కులం గడిలోనే ఆ దేవుణ్ణి రాసి ఓడెక్కించాడు గుమాస్తా.

అలా వెళ్లిన తెలుగు బాప్టిస్టులు కొందరు, మాకు మన భాషలో వాక్యం చెప్పే మనిషి కావాలని నెల్లూరు వైపు కబురు పెట్టారు. దానికి జవాబుగా వెళ్లినవాళ్లే రంగయ్య, కనకమ్మ. ఆయన మామూలు ప్రయాణికుడిగా దిగాలి కదా, దానికి నేటాల్ 1897 చట్టం ఒకటి అడ్డం. గిరిమిటి కూలీ కాని భారతీయుడు ఆ గడ్డ మీద దిగాలంటే ఐరోపా భాష ఒకటి రాయగలగాలి. చేతులతో పనిచేసేవాడికి భాష అక్కర్లేదు, నోటితో పనిచేసేవాడికి ఇంగ్లీషు రావాలి. తెలుగులో బోధించడానికి వెళ్లే మనిషిని ముందు ఇంగ్లీషు వచ్చా అని అడిగే చట్టమది.

వాళ్లు కాపురం పెట్టిన చోటు కియర్స్‌నీ. డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ దగ్గర. స్టాంగర్ అంటే జులూ రాజు షాకా రాజధాని ఉన్న స్థలం, ఇప్పుడు క్వాడుకూజా అంటున్నారు. కియర్స్‌నీలో సర్ లీజ్ హ్యూలెట్ అనే చక్కెర షావుకారుకు పెద్ద తేయాకు ఎస్టేటు ఉండేది. కాఫీ తోటలు తెగులుతో పోయాక ఆ నేలలో తేయాకు వేశారు. ఆకు కోసేవాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కువ. ఆ తోటలో 1903 డిసెంబరు 27న, క్రిస్మస్ అయిన రెండో రోజు, ఆదివారం, తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆఫ్రికాలో మొదటి భారతీయ బాప్టిస్టు సంఘం అదే. ఆదివారమే ఎందుకంటే, దేవుడి రోజనే కాదు, కూలీకి దొరికే సెలవు రోజు అదొక్కటే కూడా. పక్క ఎస్టేటు మనిషి ఆరాధనకు రావాలన్నా చీటీ కావాలి.

అక్కడ సేవ అంటే ఏమిటని మీరు అడగవచ్చు. ఆస్పత్రీ, అనాథాశ్రమం, పెద్ద పెద్ద బోర్డులూ ఊహించుకోకండి. బారక్సుల్లో బతికే మనిషికి చదువొచ్చిన సొంత భాషవాడు ఒకడు అందుబాటులో ఉంటే ఏమవుతుందో ఊహించండి. ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదివి చెప్పాలి. జవాబు రాయాలి. పిల్లలకు అ ఆలు దిద్దించాలి. తోట మేస్త్రీ, అంటే సర్దారు, కొట్టాడంటే డర్బన్‌లో కూలీల ఫిర్యాదులు వినే ప్రొటెక్టర్ ఆఫీసు ఉంటుందని చెప్పాలి. శవం లేస్తే పాట పాడాలి. తెలుగు పల్లెల్లో పాస్టరయ్య చేసే పనులివే. పాట అన్నాను కాబట్టి చెబుతున్నా, పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు (1803–1890) క్రైస్తవ కీర్తనల్ని కర్ణాటక రాగాల్లో కట్టిపెట్టడం ఎంత మేలు చేసిందో నేటాల్ లాంటి చోట్ల తెలుస్తుంది. అక్షరం రాని మనిషికి పాటే పుస్తకం.

కనకమ్మగారి గురించి చెప్పాలంటే కాగితం నన్ను వదిలేస్తుంది. పేరు ఉంది, పిల్లల తల్లి అని ఉంది. కానీ లెక్క ఒకటి ఉంది, అది మాట్లాడుతుంది. గిరిమిట్ నిబంధన ప్రకారం నూరుగురు మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లను ఎక్కిస్తే చాలు. అలాంటి తోటలో ఆడదాని బతుకు ఎంత నలుగుతుందో వేరే చెప్పాలా? మగ పాస్టరుతో చెప్పుకోలేని మాటలు ఎన్ని ఉంటాయి? మా కోస్తా గుళ్లలో ఆయన్ని అయ్యగారు అంటే ఆమెను అమ్మగారు అంటారు. జీతం లేని ఉద్యోగం. పురుడొచ్చినా, మొగుడు తాగొచ్చి కొట్టినా, కూతురు లేచిపోయినా ముందు తట్టేది అమ్మగారింటి తలుపే. వెనకింటి గుమ్మంలో జరిగిన సగం సేవకు రిజిస్టరు లేదు. కాబట్టి ఆమె ఏం చేసిందో కథ అల్లి చెప్పను. రంగయ్యగారు ఒక్కరే వెళ్లి ఉంటే ఆ సంఘం మగాళ్ల భజన బృందంగా మిగిలేదని మాత్రం అనగలను.

దంపతులు అన్న మాట ఇక్కడ ఇంకో విధంగా కూడా ముఖ్యం. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. దాని సారాంశం ప్రకారం క్రైస్తవ పద్ధతిలో జరిగి, రిజిస్టరైన పెళ్లిళ్లే చట్టం దృష్టిలో పెళ్లిళ్లు. హిందువుల, ముస్లిముల, పారసీల భార్యలు రాత్రికి రాత్రి భార్యలు కాకుండా పోయారు. కస్తూరిబా జైలుకు వెళ్లింది ఆ అవమానం తర్వాతే. ఇప్పుడు బారక్సును ఊహించుకోండి. పక్కపక్క గదులు. రెండు గదుల్లోనూ తెలుగు జంటలే, ఒకే ఓడలో వచ్చినవాళ్లే కావచ్చు. ఈ గది పెళ్లి చెల్లుతుంది, ఆ గది పెళ్లి చెల్లదు. మన దేశంలో ఏ గుడిసె మతం మార్చుకున్నందుకు ఊరి బావి నీళ్లు పోగొట్టుకుందో, ఆ మతానికే అక్కడ చట్టం నీడ దొరికింది. ఆ సంవత్సరం ప్రసంగాల్లో పాస్టర్లు ఏం చెప్పారో వినాలని నాకు ఉబలాటం.

ఆ ఏడాదే సమ్మె వచ్చింది. 1895 చట్టం కింద, ఒప్పందం తీరి ఇండియా వెళ్లకుండా ఉండిపోయిన కూలీ ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. అయిదో ఏట పద్నాలుగు షిల్లింగుల జీతమొచ్చే మనిషికి నాలుగు నెలల కూలికి పైమాటే. తర్వాత పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలకూ, పదహారేళ్లు దాటిన మగపిల్లలకూ అదే పన్ను. రంగయ్య కుటుంబం దిగేనాటికి ఆ పన్ను పట్టు బిగుస్తోంది. న్యూకాజిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె చెరుకు తోటలకు పాకింది, పోలీసులు కాల్చారు, చివరికి 1914లో పన్ను రద్దయింది. ఆ 1914లోనే రంగయ్య చేతుల మీదుగా సంఘాలన్నీ కలిసి నేటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడే ఆయన పోయారు.

ఒక నిష్ఠూరం కూడా చెప్పాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది, నిధి షరతు తప్పినట్టు అవుతుంది. చుట్టూ జులూల నేల. వీళ్లు కాపురమున్నది షాకా రాజధాని పక్కన. 1906లో జులూల బంబాత తిరుగుబాటును తెల్లవాళ్లు రక్తపుటేరులో ముంచినప్పుడు వీళ్లు అక్కడే ఉన్నారు. అయినా ఈ మిషను తెలుగువాళ్ల కోసం తెలుగువాళ్లు నడిపింది. మన ఊళ్లో సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాలో లంగర్ పంక్తిలో కూర్చున్నవాణ్ణి నీ భాష ఏది అని ఎవరూ అడగరు. 1708 నుంచీ సిక్కు గురువు గుర్తుగా నిలిచిన చోట రోజూ అన్నం తినే ఊరివాళ్లకు ఈ ప్రశ్న రావడం న్యాయం. ఆఫ్రికాలో ఉండి ఆఫ్రికన్లకు ఏం చేశారు?

నా జవాబు సగమే. చీటీ లేకుండా తోట దాటలేని జనానికి సేవ చేసేవాడి లోకం కూడా ఆ తోట అంతే ఉంటుంది. పైగా భాష పోతే ఈ జనం నంబర్లుగా మిగిలిపోతారన్న భయం నిజమైనది. కానీ మిగతా సగం ప్రశ్న అలాగే ఉంది. కులం గోడ దాటివచ్చినవాళ్లు రంగు గోడ ఎదురైనప్పుడు దాని పక్కనే ఇల్లు కట్టుకున్నారు. గాంధీగారు కూడా ఆ రోజుల్లో జులూల విషయంలో ఏమంత మెరుగ్గా లేరు కదా అంటారు కొందరు మిత్రులు. నిజమే, కానీ పక్కవాడికీ తప్పు మార్కులే వచ్చాయని చూపిస్తే మన మార్కులు పెరగవు.

కియర్స్‌నీ తేయాకు ఇప్పుడు లేదు. 1911లో కూలీల ఓడలు ఆగాక నేటాల్ తేయాకు నిలదొక్కుకోలేకపోయింది. హ్యూలెట్ దొర భవంతిలో 1921లో తెల్ల పిల్లల బడి పెట్టారు. కియర్స్‌నీ కాలేజి అన్న పేరుతో అది ఇంకోచోట ఇంకా నడుస్తోంది. ఆకు కోసినవాళ్ల మనవలు డర్బన్ చుట్టుపక్కల టీచర్లుగా, నర్సులుగా, లాయర్లుగా స్థిరపడ్డారు. రంగయ్య మొదలుపెట్టిన సంఘాల వారసులు ఇప్పుడు ఇంగ్లీషులో ఆరాధన చేసుకుంటున్నారు.

చివరిగా రెండు జాబితాలు చదివి దిగిపోతాను. 1903 జూన్‌లో, అంటే రంగయ్య, కనకమ్మ వెళ్లిన ఏడాదే, డర్బన్‌లో ఇండియన్ ఒపీనియన్ పత్రిక మొదలైంది. భారతీయుల గోడు చెప్పడానికి గాంధీగారు నిలబెట్టిన పత్రిక. అందులో నాలుగు భాషలు. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం. వేలాది తెలుగు కూలీలున్న చోట తెలుగు లేదు. తర్వాత 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది హిందువులు. క్రైస్తవుల గుడిలో కీర్తనైనా, భజనమందిరంలో రామదాసైనా, పాడింది తెలుగే. 1996లో దక్షిణాఫ్రికా కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో ఆరో అధికరణం, అధికార భాషల జాబితా అయ్యాక, దేశంలోని సముదాయాలు వాడుకునే మరికొన్ని భాషలను గౌరవించి పెంపొందించాలని భాషా బోర్డుకు చెబుతూ ఎనిమిది పేర్లు రాసింది. జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ.